కోకం వెన్న బిళ్లలు

మరిగే నీళ్లలో పెట్టిన గిన్నెలో తేనెమైనం కరుగుతోంది. వసంత చూపు గిన్నె మీద లేదు. కూతురి చెంప మీద ఉంది.

ఎడమ చెంప మీద, రూపాయి బిళ్లంత, పాలిపోయిన మచ్చ. పదకొండు రోజుల కిందట కనిపించింది. అదే వారం దాజీపేట్ చౌక్‌లో గోడకు ఒక కాగితం అంటించారు. వసంత చదువు నాలుగో తరగతి. అయినా కూడబలుక్కుని చదివింది. పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే కుష్ఠు కావచ్చు, వెంటనే చూపించుకోండి. మందులు ఉచితం, జబ్బు పూర్తిగా నయమవుతుంది అని కూడా కింద రాసి ఉంది. ఆ కింది ముక్క ఆమె తలకెక్కలేదు.

ఆ రోజు నుంచి ఏడుపు రాలేదు. ఆకలీ లేదు. వంట చేస్తోంది, బీడీలు చుడుతోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. అన్నీ పక్కింట్లో ఎవరో చేస్తున్నట్టు ఉంది.

"కొబ్బరినూనె పొయ్యమ్మా" అంది సుప్రియ.

పోసింది. మైనం ఎంతో, కోకం గింజల నుంచి తీసిన వెన్న అంత, నూనె కూడా అంతే. సోలాపూర్ ఎండకు బిళ్ల కరిగిపోకుండా ఒక చెంచా మైనం ఎక్కువ. ఈ లెక్క సుప్రియ కాలేజీలో ఎవరో చెప్పారట. చేతిలో పట్టుకుని ఒంటికి రుద్దుకుంటే చాలు, పగుళ్లు పోతాయి. మైనం అంటుకుని ఇల్లు కాలిపోతుందేమోనని వసంత పక్కన తడి గోనె తెచ్చి పెట్టుకుంది.

"మొదటి బిళ్ల నీకే" అంది సుప్రియ. "ఆకు చేతులకెల్లి జారుతున్నది అంటివి గద. గంగమ్మత్త వెయ్యి బీడీలు చుట్టేలోపు నీవి ఆరొందలు అయితలేవు."

"ముప్పై ఏండ్లు తంబాకు పిసికిన చేతులు. తోలు మందమైంది. ముందు నీ చెంపకు రాస్త."

"నా చెంపకేమైంది?"

"రాస్కో అంటే రాస్కోవే."

"పది రోజులకెల్లి నా మొఖమే చూస్తున్నవ్. ఎవలన్న సినిమాల తీస్కుంట అన్నరా ఏంది?"

వసంత మరిగే నీళ్లలోంచి మైనం గిన్నెను అంచు పట్టుకుని పైకెత్తింది. ఇడ్లీ రేకుల్లో పోయసాగింది.

"అమ్మా! పట్టుకారు!"

"ఏం గాదు."

"చేతులు గావు నీయి, రొట్టెలు కాల్చే పెనాలు."

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. రూపాలి. ఈ గల్లీ ఆశా కార్యకర్త. చంకలో రిజిస్టరు, మెడలో గుర్తింపు కార్డు.

"వసంతక్కా, మచ్చల సర్వే. ఇంట్ల ఎవలికన్న తెల్ల మచ్చలున్నయా?"

"లేవు."

మాట దానంతటదే వచ్చేసింది. రూపాలి ఏదో టిక్కు పెట్టుకుంది.

"మంచిది. ఇంకో ఇరవై ఇండ్లున్నయి. అవి అయినంక మల్ల వస్త, అందర్ని ఒకసారి చూడాలె" అని వెనక్కి తిరిగింది.

వెళ్లనిస్తే బతికిపోతాం అనుకుంది వసంత. ఆమె మళ్లీ వచ్చేలోపు పిల్లను హోట్గి రోడ్డులో ఆడబిడ్డ ఇంటికి పంపేయవచ్చు. మచ్చ సంగతి ఎవరికీ తెలియదు. కాలేజీలో పక్కన కూర్చునే పిల్లలు జరిగి కూర్చోరు. కానీ వచ్చే నెలకు మచ్చ పెరిగితే? ఆ తర్వాత వేళ్లు? చిన్నప్పుడెప్పుడో చూసిన, గుడ్డ చుట్టిన వేళ్లు గుర్తొచ్చాయి.

"ఆగు రూపాలీ" అంది. "దీని మొఖం చూడు."

రూపాలి చూసింది. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. సుప్రియను వెలుతురులో కూర్చోబెట్టింది.

"కండ్లు మూస్కో బేటా. పెన్ను తగిలినప్పుడల్ల, యాడ తగిలిందో వేలుతోని చూపెట్టు."

మచ్చ మధ్యలో ఒకసారి ఆనించింది. సుప్రియ వేలు అక్కడే పెట్టింది. అంచున ఆనించింది. అక్కడే పెట్టింది. ఐదుసార్లు. ఐదూ సరిగ్గానే.

"గిలిగిలి అయితున్నదక్కా" అంటూ నవ్వేసింది.

"కాయ్ నాహీ అక్కా, ఏం లేదు" అంది రూపాలి. "చర్మం ఎండిపోయి వచ్చిన మచ్చ. నువ్వు చేసిన బిళ్లనే రాయి, పోతది. దీనికేనా నీ మొఖం గట్లయింది?"

వసంత గోడకు చేరగిలబడింది. పదకొండు రోజుల తర్వాత కడుపులో ఆకలి కదిలింది. పొద్దున్నే వండిన పప్పు వాసన ఇప్పుడు తెలిసింది.

"నాకు చెప్పనే లేదు, అమ్మా!" అని సుప్రియ కోపంగా చూసింది. "అందుకేనా రోజూ నా చెంప దిక్కు చూసుడు?"

"ఊకో. కూసో రూపాలీ, చాయ్ పెడ్త."

"చాయ్ తర్వాత. ఎట్లాగు కూసున్న, మీ ఇల్లు ఇప్పుడే ముగిస్త. మచ్చ లేకున్న అందరి చేతులు చూడాలె, నియమం. మీ ఆయనను సాంచాల కాడికి పోయి చూస్త. నువ్వు చెయ్యి తే."

"నాకేం రోగం వస్తదే!"

వసంత నవ్వింది. కొంగుతో తుడుచుకుని కుడిచెయ్యి చాపింది. కళ్లు మూసుకుంది. పక్కింట్లో మరమగ్గాల సాంచాలు టకటకా ఆడుతున్నాయి. సుప్రియ చల్లారిన బిళ్లను రేకులోంచి తీయబోయి, అమ్మ చేతి వైపు చూసి ఆగిపోయింది.

"ఇంక మొదలువెట్టవేందే రూపాలీ, చాయ్ ఆలస్యమైతది" అని వసంత కళ్లు తెరవకుండానే అడిగేసరికి, రూపాలి పెన్ను అప్పటికే నాలుగోసారి ఆమె చిటికెనవేలి పక్కన ఒత్తి పైకి లేచింది.