చూస్తూ కూర్చున్న అన్న

తిరుపతి, 3-8-1998

పుత్తూరు ఎముకల వైద్యులు చెంగల్రాయుడు గారికి,

మా అన్న ప్రతాప్ చేయి గురించి మీకు రాస్తున్నాను.

విరిగిన మణికట్టుకు మీరు వేసిన కట్టును, మీరే విప్పేశారని ఇంట్లో చెప్పాడు. అప్పటినుంచి రోజూ వీడియోగేమ్ అంగట్లోనే ఉంటున్నాడు. అడిగితే, "ఊరికే సూస్తా ఉండా మే. ఆడేదానికన్నా సూసేదే బాగుండాది" అన్నాడు.

ఆట ఇంకొకరికి వదిలే మనిషి కాదు. నిన్న వెంట వెళ్లాను. నిజంగానే చూస్తున్నాడు. జాయ్‌స్టిక్ చేతికిచ్చి, "ఏదీ, ఆడు" అన్నాను. బొటనవేలు వంగలేదు.

"ఈడ పోటీ పెట్టినారని కట్టు నేనే పీకేసినా. నాయనకు సెప్పొద్దు మే."

మళ్లీ కడితే వేలు వంగుతుందా? పదో తేదీలోపు జవాబు రాయండి. వంగదన్నా దాచకండి. మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. నాయనకు ఏం చదివి వినిపించాలో నేను చూసుకుంటాను.

నవీన