రెండో అంతస్తులో గాడిద

"సార్, గాడిద దిగట్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఫోనులో.

"ఎక్కణ్ణుంచి?" అనడిగాడు ఆఫీసరు.

"రెండో అంతస్తు నుంచి సార్."

ఆఫీసరు చేతిలోని టీ కప్పు కింద పెట్టాడు. నగరంలో ఇళ్ల దగ్గర డెక్కల జంతువులు ఉండరాదని కొత్త నిబంధన వచ్చింది. దాన్ని అమలు చేయించే పని ఆయన నెత్తిన పడింది. మేకలు వెళ్లాయి, గుర్రాలు వెళ్లాయి. మిగిలింది ఒక్క గాడిద. బళ్లు దూరని ఇరుకు సందుల్లోకి దానిచేత ఇటుకలు మోయించి, ముసలి తండ్రిని పోషించుకుంటున్న ఒకావిడది. అందరూ ఆవిణ్ణి ఇటుకలక్క అంటారు. ఆ గాడిద లేకపోతే మా పొయ్యి వెలగదని ఆవిడ ఆఫీసుకొచ్చి ఎంత బతిమాలినా ఆయన కరగలేదు. నేల మీద ఆ గాడిద కనబడితే ఊరుకోనని తెగేసి చెప్పాడు. ఆవిడ ఆ మాటను తుచ తప్పకుండా పాటించి, దాన్ని తానుండే మేడ ఎక్కించింది.

"ఎక్కింది కదా, దిగడానికేం రోగం?"

"ఎక్కేటప్పుడు మెట్టు కనబడుతుంది సార్. దిగేటప్పుడు గొయ్యి కనబడుతుందట. కాళ్లు బిగబట్టి నిలబడిపోయింది."

వెనకనుంచి తోశారట, ముందునుంచి లాగారట, గడ్డి చూపించి ఆశపెట్టారట. గడ్డి తిన్నది గానీ గడప దాటలేదట. స్వాధీనం చేసుకున్న జంతువు నగరం దాటేదాకా దాని బాధ్యత స్వాధీనం చేసుకున్నవాడిదేనని ఆఫీసరు గుర్తుచేశాడు. అది దిగేదాకా నువ్వూ దిగొద్దని ఖరాఖండిగా చెప్పి ఫోను పెట్టేశాడు. ఇన్‌స్పెక్టరు ఎలాగూ పెళ్లీ పెటాకులూ లేని మనిషి, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లెవరూ లేరు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు మోకులు కావాలన్నాడు. ఆఫీసరు పంపించాడు. తర్వాత పరుపు కావాలన్నాడు. గాడిద జారిపడితే దెబ్బ తగలకుండా మెట్ల కింద వేస్తాడు కాబోలనుకుని అదీ పంపించాడు. ఆ తర్వాత రంగు డబ్బాలు అడిగాడు. మెట్ల గోడలు నల్లగా ఉండి గాడిద బెదురుతోందట. ఏ రంగైతే బెదరదని అడిగితే, కాసేపు ఎవరితోనో గుసగుసలాడి, లేత పసుపు అన్నాడు. ఇంకో వారం పోయాక కిటికీలకు తెరలు అడిగాడు. పూలున్నవైతే మరీ మంచిదన్నాడు.

ఆఫీసరుకు నిద్ర కరువైంది. నగరంలో డెక్కల జంతువన్నది లేదని ప్రకటించడానికి మేయరు మైకు ముందు నిలబడటమే తరువాయి, ఒక్క గాడిద అడ్డం. దాన్ని మేడ దింపలేనివాడికి ఆ కుర్చీ ఎందుకని మేయరు నలుగురిలో అనేశాడు. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. వెంటనే ఫోను తీశాడు.

"ఏమయ్యా, అసలక్కడ ఏం చేస్తున్నావు?"

"నచ్చజెప్తున్నాను సార్. కొంచెం మెత్తబడినట్టే ఉంది. ఇప్పుడు తొందరపెడితే మొదటికే మోసం వస్తుంది." వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరిదో నవ్వు వినిపించాయి. "కొత్త చొక్కా ఒకటి పంపిస్తారా సార్?"

ఇక ఆయన ఓపిక నశించింది. క్రేనునూ, పనివాళ్లనూ, పశువుల డాక్టరునూ వెంటబెట్టుకుని తనే బయల్దేరాడు. గాడిదకు మత్తు సూది వేసి, పొట్ట కింద పట్టీలు కట్టి, కిటికీ ఊడబీకి గాల్లోంచి దించాలని ఆయన పథకం. క్రేను సందు మొదట్లోనే రెండు గోడల మధ్య ఇరుక్కుని ముందుకూ వెనక్కూ రాకుండా పోయింది. చూడటానికి జనం పోగయ్యారు. ఆఫీసరు పళ్లు కొరుక్కుంటూ మెట్లెక్కాడు. డాక్టరు సూదిలో మందు నింపుకుని వెనకే ఎక్కాడు. మెట్ల గోడలు లేత పసుపులో నిగనిగలాడుతున్నాయి.

తలుపు తీసే ఉంది. కిటికీల దగ్గర పూల తెరలు గాలికి ఊగుతున్నాయి. ఇన్‌స్పెక్టరు కొత్త చొక్కా చేతులు మడిచి, పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఇటుకలక్క పొయ్యి దగ్గరినుంచి తల తిప్పకుండానే, ఇంకాస్త సన్నగా తరగమంటోంది. ముసలి తండ్రి మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. గాడిద జాడ లేదు. ఆఫీసరు తలుపు వెనక చూశాడు. అవమానాన్ని దిగమింగుకుని మంచం కింద కూడా వంగి చూశాడు. సూది ఎవరికి వెయ్యాలో తెలియక డాక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గాడిదేదయ్యా?"

ఇన్‌స్పెక్టరు కత్తి కింద పెట్టి, ఉల్లిపాయల కన్నీళ్లు తుడుచుకుని, తలవంచుకున్నాడు. జవాబు ముసలాయన చెప్పాడు.

"అది మొదటిరోజు సాయంత్రమే దిగిపోయి, ఊరవతల ఇటుకల బట్టీలో పనికి కుదిరింది బాబూ. ఎంత చెప్పినా దిగనంటున్నది మీవాడే."