కుడికి తిరగని విమానం

నగల షాపు సేల్స్‌మన్ పట్టపగలే విమానం ఎత్తుకుపోయాడు.

ఇద్దరు పట్టే చిన్న విమానం. ఫ్లయింగ్ క్లబ్బులో అతను దాని మీదే నేర్చుకుంటున్నాడు. భోజనాల వేళ, అందరూ క్యాంటీన్లో ఉండే సమయం. ఎక్కే ముందు విమానం చుట్టూ తిరిగి అంతా చూసుకోవాలన్న నియమాన్ని గాలికొదిలేసి, ముందు సీట్లోకి దూకాడు. సంచి కాళ్ల దగ్గర పడేసి, బెల్టులు బిగించి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఝామ్మని లేచిపోయాడు. కుడివైపు కొండలు దాటితే సరిహద్దు. ఇక జన్మలో ఎవరికీ "ఇంకో మోడల్ చూపించమంటారా మేడం" అనక్కర్లేదు. అతనికి నవ్వాగలేదు.

నవ్వు సగంలో ఉండగానే స్టిక్ బిగుసుకుపోయింది.

విమానాన్ని తిప్పే ఆ కర్ర నేల వదిలేదాకా వెన్నలా కదిలింది. ఇప్పుడు కుడికి తొయ్యబోతే ససేమిరా అంటోంది. పైగా విమానం తనంతట తానే ఎడమకి వాలి క్లబ్బు వైపు తిరుగుతోంది. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మో! స్టిక్ కదలట్లేదు! ఎవరైనా ఉన్నారా?" ఏ బటనూ నొక్కకుండానే గావుకేక పెట్టాడు.

"ఎందుకయ్యా ఆ అరుపులు? చెవులు చిల్లులు పడుతున్నాయి" అంది హెడ్‌ఫోన్లలో ఓ గొంతు.

ఇన్‌స్ట్రక్టర్! పాఠం తక్కువ, సాధింపు ఎక్కువ కాబట్టి విద్యార్థులంతా చాటుగా అత్తగారని పిలుచుకునే మనిషి. రోజూ ఆ గొంతు వింటే తప్పించుకు తిరిగేవాడు, ఇవాళ సంతోషంతో ఏడ్చినంత పని చేశాడు.

"మేడం, నేనే... సరదాగా ఓ రౌండు కొడదామని..."

"సరదా సంగతి తర్వాత. సీటు పక్కనున్న ట్రిమ్ చక్రం తిప్పి చూశావా?"

"తిప్పాను. లాభం లేదు."

"కాళ్ల కింద పెడళ్లు?"

"అవీ మొరాయిస్తున్నాయి మేడం!"

"అయితే స్టిక్ అడుగున ఏదో ఇరుక్కుని ఉంటుంది. అక్కడేం పెట్టావు?"

"సంచి... టిఫిన్ డబ్బా ఉందందులో."

"నిజం చెప్పకపోతే రోగం ఎలా కుదురుతుందయ్యా?"

"నగలు మేడం! మా షాపువే. అరలన్నీ ఊడ్చేశాను."

"ఊడ్చినవాడివి సంచి మూతైనా సరిగ్గా కట్టావా? గొలుసేదో జారి చుట్టుకుందేమో. తీసి వెనక సీట్లోకి విసిరెయ్."

బెల్టులు వెనక్కి తిరగనివ్వలేదు. సంచిని గుడ్డిగా భుజం మీదుగా విసిరాడు. మరుక్షణం స్టిక్ హాయిగా కదిలింది!

అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. విమానాన్ని కొండల వైపు తిప్పేసి, "మీ మేలు ఈ జన్మలో మర్చిపోను మేడం, ఇక సెలవు" అని ఈల కూడా వేశాడు.

ఈల పూర్తి కాకుండానే స్టిక్ మళ్లీ బిగుసుకుంది. విమానం మళ్లీ ఎడమకే వాలింది.

"మేడం! మళ్లీ పట్టేసింది! చచ్చిపోతాను!"

"చావవులే. చేతులు కట్టుకుని కూర్చో. నేను దింపుతాను."

అతను బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు. విమానం వంకర లేకుండా తిరిగింది, మెల్లగా కిందికి వాలింది, రన్‌వే ఎదురొచ్చింది. తను ఎన్నడూ దింపలేనంత మెత్తగా దిగుతుంటే నోరు వెళ్లబెట్టి చూశాడు.

"అబ్బ! కింద కూర్చుని ఇదంతా ఎలా చేస్తున్నారు మేడం?"

"కిందున్నానని నేనెప్పుడన్నానయ్యా? అన్నం తిని వెనక సీట్లో కునుకు తీస్తుంటే నన్ను కూడా ఎత్తుకొచ్చావు. ఇందాకట్నుంచీ నీ స్టిక్‌తో కలిసి కదిలే రెండో స్టిక్ నా చేతిలో ఉంది, ఇప్పుడు నీ సంచి నా ఒళ్లో ఉంది!"