ఎర్రజట్టే గెలవాలి

"కదిలావంటే ఊరుకోను అల్లుడూ," అన్నాడు ఆర్విడ్.

రోరీ వాషింగ్ మెషీన్ పక్కన ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు. బాత్రూమ్‌కని లేచి రెండడుగులు వేశాడో లేదో, టీవీలోని ఐస్ హాకీ మ్యాచ్‌లో ఎర్రజట్టు గోల్ కొట్టింది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కావలసిన గోల్ పడ్డప్పుడు ఎవరెక్కడుంటే, మ్యాచ్ ముగిసేదాకా వాళ్లక్కడే ఉండాలి. కదిలితే అరిష్టం. మూడు పీరియడ్లలో మొదటిది కూడా అవలేదు.

అసలు ఎర్రజట్టు గెలవాలని ఈ బేస్‌మెంట్‌లో కోరుకోవడమే విడ్డూరం. ఆర్విడ్ పుట్టి పెరిగింది దాని బద్ధశత్రువు ఆకుపచ్చ జట్టు ఊళ్లో. కొడుకు టోర్గర్ ఆ ఊరి కాలేజీదైన ఆ జట్టుకే గోల్‌కీపర్. వాడికిది ఆఖరి ఏడాది. జాతీయ పోటీలకు పదహారు జట్లు వెళతాయి, వీళ్లది సరిగ్గా పదహారోది. పక్క కాన్ఫరెన్స్, అంటే ఇంకో కాలేజీల కూటమి, ఫైనల్ ఇప్పుడు నడుస్తోంది. ఎర్రజట్టుకు ఎలాగూ చోటు ఖాయం, అది గెలిస్తే గొడవలేదు. ఎదుటనున్న అనామక జట్టు గెలిచిందా, కప్పు గెలిచిన హక్కుతో నేరుగా ఆ పదహారులోకొచ్చి కూర్చుంటుంది, వీళ్లది బయటికి పోతుంది. టోర్గర్ ఆట అంతటితో సరి.

ఆర్విడ్ జేబులోంచి నలిగిన కాగితం తీశాడు. "ఆ కాన్ఫరెన్స్‌తో మనవాళ్లు ఆడినవి పద్దెనిమిది. గెలిచినవి పదకొండు. ఇప్పుడు చెప్పండి, ఎవరిది గట్టి కాన్ఫరెన్స్?"

"గట్టివాళ్లయితే పక్కవాడి గెలుపు కోసం ఇలా దేబిరించరు," అంది ఆయన భార్య మార్లిస్.

"నువ్వూరుకోవే."

టీవీలో జనాన్ని హుషారెక్కించే ఎర్రజట్టు ఎలుగుబంటి వేషం గంతులేస్తోంది. ఆర్విడ్ మొహం మాడిపోయింది.

"ఇదే. ఐదేళ్ల కిందట నిండు స్టేడియంలో నా నెత్తిన పాప్‌కార్న్ డబ్బా బోర్లించింది. ఊరూవాడా టీవీలో చూసి నవ్వారు. ఆ తోలులో దూరేవాడి పేరు ఆ కాలేజీవాళ్లు చచ్చినా బయటపెట్టరు. దొరికితేనా, వాణ్ణి గుమ్మం తొక్కనివ్వను."

 రోరీ చదివింది ఆ కాలేజీలోనే. పిల్లనివ్వమని వచ్చినరోజు ఆర్విడ్ అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఆ నాలుగేళ్లలో ఒక్క మ్యాచ్‌కైనా గ్యాలరీలో కూర్చున్నావా?" "ఒక్కదానికీ కూర్చోలేదు," అన్నాడు రోరీ. ఆ మాట మీదే ఆయన కూతురు బ్రిట్టాతో పెళ్లయింది. అయినా మావగారు ఇప్పటికీ అతన్ని అద్దెకున్నవాణ్ణి చూసినట్టే చూస్తాడు.

ఎర్రజట్టు రెండో గోల్ కొట్టింది. ఎదుటివాళ్లు రెండూ సమం చేశారు. మూడు పీరియడ్లూ అయిపోయాయి. ఇక ఓవర్‌టైమ్, ఎవరు ముందు కొడితే వాళ్లదే.

రోరీ ఒళ్లంతా చెమట పట్టింది. అటు గోడ, ఇటు మెషీన్. ప్రాణం ఉగ్గబట్టుకుని నిలబడ్డాడు.

"ఏమిటయ్యా ఆ కాళ్లు?" అన్నాడు ఆర్విడ్.

"ఆగడం లేదు మావయ్యా."

"ఆపుకో. టోర్గర్ కోసం ఆ మాత్రం చెయ్యలేవా?"

"పోనీ వదిలెయ్ నాన్నా," అంది బ్రిట్టా. అని, నవ్వు దాచుకుంటూ మొహం పక్కకు తిప్పుకుంది.

"వదలను. వీడక్కడ ఉన్నప్పుడే గోల్ పడింది."

అనామక జట్టు కొట్టిన రబ్బరు బిళ్ల గోల్ కంబానికి తగిలి టంగుమని పక్కకు పోయింది. మార్లిస్ కళ్లు మూసుకుంది. కొడుకు సామాన్లు సర్దుకుంటున్నట్టే అనిపించిందావిడకి. రోరీ మెషీన్ అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

మరుక్షణం ఎర్రజట్టు గోల్ కొట్టింది.

ఆర్విడ్ భార్యను పట్టుకుని ఏడ్చేశాడు. టోర్గర్ ఫోన్ చేశాడు, వాడి మాట ఎవరికీ వినపడలేదు. ఆర్విడ్ ముక్కు తుడుచుకుంటూ వచ్చి అల్లుణ్ణి కావలించుకున్నాడు.

"నీ పుణ్యమేనయ్యా. ఇవాళ్టితో మా ఇంటివాడివయ్యావు. పో, పాపం, ఎంతసేపు ఆపుకున్నావో."

రోరీ రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తి, బాత్రూమ్ గడియ పెట్టుకుని, నాలుగేళ్లు ఆ ఎలుగుబంటి తోలులో దూరి వేసిన గంతులన్నీ ఒక్కటి వదలకుండా, చప్పుడు కాకుండా వేశాడు.