డే కేర్‌లో కేశవరావు

ఆ రోజు విద్య ఆఫీసు నుంచి తొందరగా బయలుదేరి, తల్లి శశికళను ఇంటికి తీసుకెళ్లడానికి అమెరికాలో అరోరా అనే ఊళ్లోని పెద్దవాళ్ల డే కేర్‌కి వచ్చింది.

లోపల ఎవరో ముసలాయన అమ్మకు పెరుగన్నం తినిపిస్తున్నాడు.

"ఇంకొక్క ముద్ద, శశీ," అంటున్నాడు వచ్చీరాని తెలుగులో.

"చాలండీ. మీరు తిన్నారా?" అంటూ శశికళ సిగ్గుపడుతోంది.

విద్య తండ్రి కేశవరావు పోయి మూడేళ్లు. మతిమరుపు జబ్బుతో అమ్మ ఆ సంగతే మరిచిపోయింది.

విద్యకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరండీ మీరు, మా అమ్మను పేరు పెట్టి పిలవడానికి?"

ముసలాయన స్పూన్ కింద పెట్టి, "సారీ బేటీ," అంటూ లేచి నిలబడ్డాడు.

మేనేజర్ స్పందన పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, కోప్పడకండి. ఆంటీ ఎవరు పెట్టినా తినట్లేదు. ఈ మరాఠీ అంకుల్ పెడితేనే తింటున్నారు. ఈయన్ని మీ నాన్నగారనుకుంటున్నారు. పాపం, తెలుగు మాటలు కూడా నన్నడిగి నేర్చుకున్నారు."

"అంటే మా అమ్మను మోసం చేస్తున్నారన్నమాట! ఈయనొస్తే అమ్మను పంపను. పైకి కంప్లైంట్ చేస్తాను."

మర్నాటి నుంచి ఆయన రాలేదు.

శశికళ తలుపు వైపే చూస్తూ కూర్చునేది.

"మీ నాన్నగారు అలిగారే. ఏమన్నావు?" అని కూతుర్ని అడిగేది. ముద్ద నోటి దగ్గరికి తెస్తే పళ్లు బిగించేది.

విద్య బతిమాలింది. కసిరింది. ఏడ్చింది.

చివరికి శశికళ మంచం పట్టింది. డాక్టర్ ఫీడింగ్ ట్యూబ్ మాట ఎత్తాడు.

ఇక చేసేదేమీ లేక విద్య, స్పందనను అడ్రస్ అడిగి ఆ ముసలాయన ఇంటికి వెళ్లింది.

ఆయన కూతురు తలుపు తీసింది. ఎదురుగా గోడ మీద ఆయన ఫొటో, దండతో.

"ఒక్కసారి మీ నాన్నగారిని..." అంటూ విద్య ఆ దండ వైపు చూసింది.

"లాస్ట్ వీక్. హార్ట్ ఎటాక్," అందామె ఇంగ్లిష్‌లో. "మీరు డే కేర్ తెలుగు ఆంటీ వాళ్ల అమ్మాయా?"

విద్య తలూపింది.

"నాన్న నలభై ఏళ్లు మరాఠీ సినిమాల్లో నటించారు. తర్వాత ఎవరూ పిలవలేదు. ఇక్కడికొచ్చాక మాతో కూడా మాట్లాడటం మానేశారు. మీ అమ్మగారి దగ్గరికొచ్చిన ఆ కొన్నాళ్లూ మాత్రం, పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని, అద్దం ముందు తెలుగు మాటలు వల్లె వేసుకుని, 'షూటింగ్‌కి టైమైంది' అంటూ బయలుదేరేవారు."