ముందు వరుసలో లింగమ్మ

టెంటు కింద తలలు లెక్కపెట్టిన చక్రపాణి గుండెల్లో రాయి పడింది. మొత్తం పదకొండు. అందులో ఒకటి మైకువాడిది.

సకల జనుల సమ్మె మొదలై ఆ రోజుకు ముప్పై ఎనిమిది రోజులు. ఎల్బీనగర్‌లో ఓ సర్కారు ఆఫీసు గేటు ముందు వేసిన ఆ టెంటుకు చక్రపాణే కన్వీనరు. ఆఫీసు లోపల సీనియర్ అసిస్టెంటే గానీ, బయట మైకు చేతికొచ్చాక మనిషి రెండంగుళాలు ఎత్తు పెరిగాడు. మధ్యాహ్నం జిల్లా జేఏసీ నాయకుడు టెంట్లు చూడ్డానికి వస్తున్నాడు. ఖాళీ జంపఖానా కంటపడిందో, కన్వీనరు పదవి హుళక్కే. పక్క సెక్షన్ వాళ్లు దానికోసం కాచుక్కూర్చున్నారు కూడా.

మొదట్లో ఇలా లేదండీ. అబ్బబ్బ, ఏం జనం! పది కొట్టేసరికి జంపఖానా మీద కాలు పెట్టే సందు ఉండేది కాదు. జీతం లేని దసరా ఒకటి గడిచేసరికి ఒక్కొక్కరికీ నడుంనొప్పులు, కడుపునొప్పులు, చుట్టాల చావులు మొదలయ్యాయి.

"ఇగ నాతోని గాదన్నా," అన్నాడు టైపిస్టు నరేష్‌కుమార్ నసుగుతూ. "నెల దాటింది, ఇంట్ల దినాం పప్పుచారే. నా పెండ్లాం మాట్లాడుడు గూడ బంద్ జేసింది. రేపు పోయి డ్యూటీల చేరుత."

"సిగ్గు లేదార నీకు?" చక్రపాణికి ఒళ్లు మండింది. ముందు వరుసకేసి చెయ్యి చూపించాడు. "గా లింగమ్మను జూడు! గామెకు లేని కష్టం నీకేం ఒచ్చిందిర?"

చక్రపాణి కుర్చీకి సరిగ్గా ఎదురుగా కూర్చుని ఉంది లింగమ్మ. యాభైకి దగ్గరపడ్డ మనిషి. ఒళ్లో గుడ్డసంచి, కళ్లు చక్రపాణి మీద.

సమ్మె మూడో రోజున వచ్చింది. ఆనాటి నుంచి ఒక్కరోజు నాగా పెడితే ఒట్టు! మైకువాడి కంటే ముందే వచ్చేది. సాయంత్రం చక్రపాణి స్కూటరు స్టార్ట్ చేసేదాకా కదిలేది కాదు. అతను "జై" అంటే మిగతావాళ్లు ఆవులిస్తూ పెదవులు కదిపేవాళ్లు. లింగమ్మ "తెలంగాణ" అంటే దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే ఆటోల్లోంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్లు.

మొదట్లో ఒకసారి అడిగాడు. "ఏ సెక్షనమ్మా నీది?"

"మీ సెక్షనే సారూ."

చక్రపాణికి తల కొట్టేసినట్టయింది. ఊడ్చేవాళ్లు, నీళ్లు పట్టేవాళ్లు, కాంట్రాక్టువాళ్లు... వాళ్ల మొహాలు తనెప్పుడు సరిగ్గా చూశాడు గనక! మళ్లీ అడగలేదు.

ఆమెకు అతనంటే ఎంత అభిమానమో! చాయ్ తాగడానికి హోటలుకు వెళ్లినా వెనకే వచ్చి బయట నిలబడేది. అప్పుడప్పుడు సంచిలో చెయ్యి పెట్టి, "సారూ, జర గిది..." అనబోయేది. ఉద్యమానికి చందా ఇవ్వబోతోందని చక్రపాణి కళ్లు చెమర్చేవి.

"నీ పైసలొద్దమ్మా. నువ్వు దినాం రా, గంతే చాలు," అని చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"మీరు గూడ దినాం ఒస్తరు గద సారూ?"

"పానం బోయినా ఒస్త!"

ఇరవయ్యో రోజున పోలీసులు వ్యాను తెచ్చారు. అంతవరకు నినాదాలిచ్చిన వీరులంతా చెప్పులు కూడా వదిలేసి పరుగు తీశారు. చక్రపాణి ఒక్కడే దొరికాడు. వ్యాన్లో కూలబడి పక్కకు చూస్తే లింగమ్మ! మహిళా కానిస్టేబులు దిగమని లాగుతుంటే కిటికీ ఊచ పట్టుకుని వేలాడుతోంది.

"నువ్వెందుకు ఎక్కినవమ్మా?" అన్నాడు.

"మీరేడ బోతే నేను గాడనే సారూ."

సరూర్‌నగర్ దాకా చక్రపాణి ముక్కు చీదుతూనే ఉన్నాడు. కట్టుకున్న భార్య కూడా తనను ఇంతగా నమ్మలేదనిపించింది.

పన్నెండున్నరకు జేఏసీ నాయకుడి కారు, దాని వెనకే టీవీ వాళ్ల బండి ఆగాయి. ఆయన టెంటు కిందకు వచ్చి తలలు లెక్కపెట్టి మొహం గంటు పెట్టుకున్నాడు.

"గింతేనా? ఏంది చక్రపాణీ గిది? సమ్మె ఇరమిద్దామని పైన మాట నడుస్తున్నది. మీ టెంటు జూస్తే గదే నయం అనిపిస్తున్నది."

నరేష్‌కుమార్ మొహం చాటంత అయింది.

లింగమ్మ దిగ్గున లేచింది. "ఒద్దు సారూ! సమ్మె బంద్ జెయ్యకున్రి! మీ కాళ్లు మొక్కుత!" అంటూ నిజంగానే నాయకుడి కాళ్ల మీద పడింది. చెంపల మీద నీళ్లు ధారకట్టాయి.

నరేష్‌కుమార్ తల దించుకున్నాడు. నాయకుడు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. టీవీ కెమెరా ఆమె వైపు తిరిగింది. పక్క సెక్షన్ వాళ్లు సైతం లేచి నిలబడ్డారు. ఇక తన పదవికి ఢోకా లేదని చక్రపాణి ఛాతీ ఉప్పొంగింది. మైకు లాక్కొచ్చి లింగమ్మ చేతిలో పెట్టాడు.

"చెప్పు లింగమ్మా! సమ్మె ఎందుకు ఆగొద్దో గీ సోమరిపోతులకు గట్టిగ చెప్పు!"

లింగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని మైకు నోటికి ఆనించుకుంది.

"మా ఆయన సచ్చిపోయిండని కాయితం కోసం మూడేండ్లు గీ ఆఫీసు సుట్టు తిరిగితే గీ సారు ఒక్కనాడు కుర్సీల దొర్కలే, సమ్మె పుణ్యమాని దినాం పదింటికే దొరుకుతున్నడు, జర గా ఒక్క సంతకం బెట్టేదాంక సమ్మె నడువనియ్యున్రి!"