ఒడ్డుకొచ్చిన గుగ్గిలం

పైడితల్లిని చంపింది గోడకున్న, మాట్లాడే వైద్యపు పెట్టె. అందులో ఆమె మొగుడు ఎర్రయ్యకు అనుమానం లేదు.

యుద్ధంలో సముద్రం మీద కురిపించిన తెల్ల భాస్వరం, వెల్లుల్లి వాసనేస్తూ తడి ఆరితే అంటుకునేది, ఇంకా పసుపుపచ్చ గడ్డలుగా ఒడ్డుకు కొట్టుకొస్తోంది. అలాంటిదేమీ వాడలేదని పైవాళ్ళు అన్నారు గనక, పెట్టెలకు దాని పేరు నేర్పలేదు. పైడితల్లి ఒక గడ్డను గుగ్గిలం అనుకుని కొంగున కట్టుకుంది. ఇంటికొచ్చేసరికి కొంగు ఆరి, గడ్డ భగ్గుమంది. ఎర్రయ్య కుండెడు నీళ్ళు గుమ్మరించి ఆర్పాడు.

ఊళ్ళో డాక్టర్లు లేరు, ఇంటింటికీ పెట్టెలే. ఎర్రయ్య ఇంటి పెట్టె గాయం చూసి, వాసన పట్టింది.

"వెల్లుల్లి వాసన వస్తోంది. పోపు పెడుతుంటే కాలిందా అమ్మా?"

"పోపు కాదు, నీ పిండాకూడు! సముద్రపు గడ్డ," అన్నాడు ఎర్రయ్య.

"తడి లేకుండా తుడిచి, మందు నూనె రాయండి."

అతను అలాగే చేశాడు. తడి ఆరగానే, గాయంలో మిగిలిన ముక్కలు మళ్ళీ అంటుకున్నాయి. సాయంత్రానికి పైడితల్లి పోయింది.

దినం అయ్యాక మరదలు నూకాలు వచ్చింది. "బావా, జరిగింది పెట్టెకు చెప్పు. ఒకటి వింటే అన్నీ నేర్చుకుంటాయట. తడిగుడ్డ కప్పి ఉంచమని ఇంకొకరికైనా చెబుతుంది. నా పిల్లలు ఆ ఒడ్డునే ఆడుతున్నారు."

ఎర్రయ్య పెట్టె ముందు నిలబడి అంతా చెప్పాడు.

"ధన్యవాదాలు. వంటింటి ప్రమాదాల్లో చేర్చుకున్నాం," అంది పెట్టె.

"ఇంకోసారి చెప్పు బావా!"

"చెప్పను. దానికీ చెప్పను, నీకూ చెప్పను. నా నోట ఆ మాట ఇంక రాదు."